మొలతాడు నుంచి దూది దారం దాకా

"కాకి ముట్టింది." గోదావరి ఒడ్డు ఊళ్లలో చిన్నపిల్లలకు చెప్పడానికి ఈ రెండు మాటలు చాలేవి. అమ్మ వంటింట్లోకి ఎందుకు రావడం లేదు, వసారాలో చాప ఎందుకు వేసుకుంది, తనను ముట్టుకోవద్దని ఎందుకంటోంది అని అడిగే పిల్లవాడి ముందు నేరం కాకి మీద మోపేస్తే సరిపోయేది. పెద్దల మధ్య మాటలు వేరు: బయట చేరింది, దూరం కూర్చుంది, ఇంట్లో లేదు. చదువుకున్న ఇళ్లలో "డేట్ వచ్చింది", ఆ తర్వాత "పీరియడ్స్". పురోహితుడి నోట రజస్వల, ఆరోగ్యశాఖ కరపత్రంలో ఋతుస్రావం. ఇన్ని మాటలున్నా, ఆ నాలుగు రోజులు ఆడమనిషి ఏం కట్టుకుంది, ఎలా కట్టుకుంది, ఎక్కడ ఆరేసుకుంది అన్నది వీటిలో ఒక్కటీ చెప్పదు. మైల గురించి శాస్త్రాలకు శాస్త్రాలే ఉన్నాయి. ముట్టుగుడ్డ గురించి రాసినవాళ్లే తక్కువ.

అందుకే 2025 జూన్ 29 ఆదివారం నాటి రేడియో ప్రసంగాన్ని గుర్తు పెట్టుకోవాలి. 'మన్ కీ బాత్' 123వ భాగంలో ప్రధాని నరేంద్ర మోదీ భద్రాచలం ఆడవాళ్ల సంగతి ఎత్తారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లు స్వయం సహాయక బృందంగా చేరి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారని, అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని చెప్పారు. ఆ వెంటనే 'గిరి శానిటరీ ప్యాడ్స్' మాట వచ్చింది. మూడు నెలల్లో 40,000 ప్యాడ్లు తయారుచేసి బడులకు, చుట్టుపక్కల ఆఫీసులకు చాలా తక్కువ ధరకు అందించారట. బిస్కెట్ పొట్లం పక్కన ప్యాడ్ పొట్లం పెట్టి, గొంతు తగ్గించకుండా దేశమంతా వినేలా చెప్పడం కాకిని అడ్డం పెట్టుకున్న నేలకు చిన్న మార్పేమీ కాదు.

ఈ అడవి అంచున ఆ నాలుగు రోజుల సరంజామా వందేళ్లలో పలుమార్లు మారింది. గుడిసె, గుడ్డ, బెల్టు, ప్యాడ్ వచ్చాయి. ఇంకా అడుగు పెట్టీ పెట్టని టాంపన్ ఒకటి వాకిట్లో నిలబడి ఉంది. మారిన ప్రతిసారీ వస్తువు ముందొచ్చింది, వివరం వెనకొచ్చింది. కొన్నిసార్లు వివరం అసలు రానేలేదు.

గుడిసెతో మొదలుపెడదాం. గోదావరి ఎగువన, బస్తర్ కొండల్లో మాడియా గోండుల ఊళ్లకు శివార్లలో ముట్టయిన ఆడవాళ్ల కోసం విడిగా గుడిసెలుండేవని బ్రిటిష్ అధికారి డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ 1938 నాటి తన పుస్తకంలో నమోదు చేశాడు. గడ్చిరోలి వైపు దాన్ని కుర్మా ఘర్ అంటారు. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఈ గుడిసె ఈనాటికీ కనిపించేది గుత్తికోయల పల్లెల్లో. 2005లో దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలవి. పొలం, పశువు, ఇల్లు వదిలేసి వచ్చినవాళ్లు ఆ ఆచారాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నారు. తలవంచి దూరాల్సినంత చిన్న తలుపు, ఆకుల కప్పు, మట్టి నేల. వానాకాలం పాము భయం, చలికాలం చలి.

దాన్ని చూసి ముక్కు మీద వేలేసుకునే మైదానం వాళ్లు తమ వసారా చాప సంగతి మరిచిపోతారు. ఇంద్రుడు విశ్వరూపుణ్ణి చంపిన పాపంలో మూడో వంతు ఆడవాళ్లు పంచుకున్నారని, నెలసరి దాని గుర్తేనని చెప్పే కథ తైత్తిరీయ సంహితలో ఉంది. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమందిది ఆ శాఖే. ఆ మూడు రాత్రులు తల దువ్వుకోకూడదు, కాటుక పెట్టుకోకూడదు, దారం వడకకూడదు అన్న జాబితా కూడా అక్కడిదే. గుడిసెకు, వసారాకు తేడా గోడల్లోనే. పైగా గుడిసెలో ఒక సదుపాయం ఉంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి చేరితే, కొత్తగా పెద్దమనిషైన పిల్లకు ఎవరో ఒకరు గుడ్డ ఎలా మడవాలో చూపించేవారు. వసారాలో ఒంటరిగా కూర్చున్న పిల్లకు ఆ పాఠం కూడా లేదు.

ఈ ప్రాంతం గురించి రాసినవాళ్లు లేకపోలేదు. దుమ్ముగూడెంలో మిషన్ నడిపిన రెవరెండ్ జాన్ కెయిన్ 1876లోనే 'ఇండియన్ యాంటిక్వెరీ'లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వ్యాసం రాశాడు. కోయల పెళ్లిళ్లు, పండగలు, దేవరలు అన్నీ కుదురుగా నమోదు చేశాడు. మగ మిషనరీకి, మగ కలెక్టరుకు ముట్టుగుడ్డ చూపించేదెవరు? ఆ చరిత్ర కాగితం మీద కన్నా అమ్మమ్మల చేతుల్లోనే ఎక్కువ ఉంది.

ఆ చేతుల పని ఇలా ఉండేది. ముందుగా పాత నేత చీర కావాలి. కొత్త బట్ట నీళ్లు పీల్చదు. గంజి పోయి, ఏళ్ల తరబడి ఉతుకుల్లో నలిగి, అరచేతిలో వేసుకుంటే ఆకులా వాలిపోయే గుడ్డే పనికొస్తుంది. అంచు చించి పక్కన పెట్టేస్తారు, గట్టి అంచు ఉంటే నడిచేటప్పుడు తొడలు ఒరుసుకుపోతాయి కాబట్టి. మిగిలిన దాన్ని జానెడు వెడల్పున నిలువుగా చింపుతారు. చింపేటప్పుడు వచ్చే చప్పుడు పక్కింటికి వినిపించకుండా మధ్యాహ్నం వేళ చూసుకునేవాళ్లూ ఉన్నారు. ఒక పేలికను మూడు నాలుగు మడతలు వేసి, పొడుగు పేలిక మధ్యలో పెట్టి, ముందు కొస, వెనక కొస మొలతాడుకు దోపుకుంటే అయిపోయింది. గోచీ లాంటిదే. మొలతాడు లేనివాళ్లు చీర అంచు పేలికనే నడుముకు కట్టుకునేవారు. నాట్లకు వంగినా, కట్టెల మోపు ఎత్తినా, తునికాకు కోతకు పొద్దున్నే అడవికి నడిచినా అది ఊడకుండా ఉండాలి. ఊడుతుందన్న భయం పని పొడవునా వెంట ఉండేది.

కట్టుకోవడం కన్నా ఉతకడం కష్టం. ఊళ్లో అందరూ లేవకముందే వాగుకు వెళ్లాలి. వేడినీళ్లలో వేస్తే రక్తం మరక గుడ్డకు అంటుకుపోతుంది, చన్నీళ్లలో నానబెట్టాలి. ఈ రహస్యం ప్రతి ఆడపిల్లకూ తెలుసు, ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఆ తర్వాత ఆరేయడం. మంచి ఎండలో ఆరితే గుడ్డలోని సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. ఆ ఎండే దానికి దక్కేది కాదు. గడ్డివాము వెనక, దడి మీద ఇంకో చీర కింద, దూలానికి దోపి, చీకట్లోనే ఆరేది. గోదావరి వానల్లో అది రెండు రోజులకు కూడా ఆరదు. తడిగుడ్డనే మళ్లీ కట్టుకున్న ఆడవాళ్ల దురదలు, పుళ్లు, తెల్లబట్ట ఇవన్నీ "ఆడవాళ్లకు మామూలే" అన్న మాట కింద కప్పబడిపోయాయి.

దానికి తోడు పాలియెస్టర్ చీర వచ్చింది. చవక, నలగదు, రంగు పోదు, ఉతికిన గంటలో ఆరుతుంది. కూలికి వెళ్లే ఆడదానికి అంతకన్నా ఏం కావాలి? కాకపోతే పాలియెస్టర్ పీల్చదు. ఇంట్లో చీరల సంఖ్య పెరిగింది, పనికొచ్చే పాత చీరలు తగ్గాయి. దుకాణపు ప్యాడ్ గెలుపులో టీవీ ప్రకటనలకు ఎంత వాటా ఉందో ఈ చీరకూ అంత వాటా ఉందనిపిస్తుంది.

కర్రగుజ్జు ప్యాడ్ పుట్టుక యుద్ధంలో. మొదటి ప్రపంచయుద్ధంలో కింబర్లీ-క్లార్క్ కంపెనీ కర్ర గుజ్జుతో సెల్యుకాటన్ అనే కట్టు సరుకు చేసింది. దూదికన్నా బాగా పీలుస్తుంది, చవక. సైనికుల గాయాలకు వాడాల్సిన దాన్ని నర్సులు తమ అవసరానికీ వాడుకున్నారు. యుద్ధం ముగిశాక మిగిలిన సరుకు 1920ల మొదట్లో కోటెక్స్ పేరుతో అంగళ్లకు చేరింది. కర్రను గుజ్జు చేయడం భద్రాచలానికి కొత్త విద్య కాదు. ఏటి అవతల సారపాకలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో ఐటీసీ 1979లో కాగితపు పరిశ్రమలోకి దిగింది. చుట్టుపక్కల పొలాల సుబాబుల్, జామాయిల్ లారీలకెక్కి అక్కడికే పోతాయి. కర్ర కాగితమై లోకమంతా తిరిగింది. అదే కర్రగుజ్జుతో చేసే ప్యాడ్ మాత్రం ఎక్కడినుంచో లారీలో రావాల్సి వచ్చింది.

మొదట వచ్చినవి బెల్టు ప్యాడ్లు. మొలతాడు స్థానంలో ఎలాస్టిక్ బెల్టు, రెండు కొక్కేలు. జిగురు ప్యాడ్లు తర్వాతి సంగతి, విస్పర్ 1989లో మన దేశానికి వచ్చింది. టీవీలో నీలిరంగు నీళ్లు పోసి చూపించేవారు. రక్తం నీలంగా ఎందుకుందని అడిగిన పిల్లలను పెద్దలు ఛానెల్ మార్చి ఊరుకోబెట్టారు. మందుల షాపులో పొట్లాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, ఆపైన నల్ల కవర్లో పెట్టి ఇచ్చే మర్యాద అప్పటిది. కండోమ్‌కు కూడా అంత ముసుగు లేదు.

ఏజెన్సీలోకి ప్యాడ్ ప్రభుత్వ చేతుల మీదుగా వెళ్లింది. ఇక్కడ భద్రాచలం నసీబు గురించి ఒక మాట చెప్పాలి. ఈ తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి గోదావరి జిల్లాకు మారింది. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మానికి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం సహా ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది, గుడి ఉన్న పట్టణం తెలంగాణలో మిగిలింది. దాంతో ఒకే అడవి పిల్లలకు రెండు ప్రభుత్వాల ప్యాడ్లు వచ్చాయి. ఇటు ప్రభుత్వ బడుల్లో తెలంగాణ 2018లో మొదలుపెట్టిన ఆరోగ్య కిట్లు. అటు 2021 అక్టోబర్ 5న ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన 'స్వేచ్ఛ', ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు. అంతకుముందు కేంద్రం 'ఫ్రీడేస్' పేరుతో ఆరు ప్యాడ్ల పొట్లాన్ని ఆరు రూపాయలకు ఆశా కార్యకర్తల చేత అమ్మించిన పథకం ఉంది. పొట్లానికి ఆశాకు రూపాయి. గిరి ప్యాడ్లు ఈ వరసలో చివరివి. వాటి తేడా ఒక్కటే, చేసేదీ వాడేదీ ఇక్కడి ఆడవాళ్లే.

మరి టాంపన్?

చూడ్డానికి ఏమీ ఉండదు. చిటికెన వేలంత దూది చుట్ట, గట్టిగా నొక్కినది, తోక లాగా ఒక దారం. గ్లాసు నీళ్లలో వేస్తే క్షణాల్లో ఉబ్బి, పువ్వు విచ్చుకున్నట్టు పక్కలకు తెరుచుకుంటుంది. ఒంటి బయట కట్టుకునేది కాదు, లోపల పెట్టుకునేది. ఇంతే తేడా. గొడవంతా ఈ తేడా దగ్గరే.

2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–24 ఏళ్ల ఆడపిల్లలను ఏం వాడతారని అడిగారు. ఒకరు ఒకటికన్నా ఎక్కువ చెప్పొచ్చు. 64 శాతం ప్యాడ్లన్నారు, 50 శాతం గుడ్డ అన్నారు, 15 శాతం స్థానికంగా చేసిన ప్యాడ్లన్నారు. టాంపన్ అన్నవాళ్లు రెండు శాతం కూడా లేరు. ధర ఒక కారణమే గాని అదొక్కటే కాదు. 2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేసినప్పుడు అదే పద్దు కింద టాంపన్లకూ పన్ను పోయింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

లోపల దూది పెట్టడం మనకు కొత్తేమీ కాదన్నది ఇంకా విచిత్రం. ఆయుర్వేదంలో యోని పిచు అని ఒక చికిత్స ఉంది. దూదిని మందు నూనెలో తడిపి లోపల ఉంచడమే. చరకుడి యోనివ్యాపత్ ప్రకరణం చదివిన వైద్యుడెవరికైనా తెలుసు. అది రోగానికి, ఇది నెలసరికి. ఈజిప్టు ఆడవాళ్లు పాపిరస్ టాంపన్లు వాడారన్న కథ ప్యాకెట్ల మీదా, పుస్తకాల్లోనూ తిరుగుతుంటుంది గాని దానికి గట్టి ఆధారం లేదు. నెలసరి కోసం దారమున్న నేటి టాంపన్‌ను చేసినవాడు అమెరికాలో డెన్వర్ డాక్టరు ఎర్ల్ హాస్. 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1933లో వచ్చింది. చేతికి దూది తగలకుండా రెండు అట్ట గొట్టాలు, ఒకదాన్ని ఒకటి నెడుతుంది. ఆయనకు అమ్ముకోవడం చేతకాలేదు. గెర్ట్రూడ్ టెండెరిచ్ అనే ఆవిడ 32,000 డాలర్లకు ఆ పేటెంటు కొని, ఇంట్లో కుట్టుమిషను మీద మొదటి టాంపన్లు కుట్టింది. టాంపాక్స్ కంపెనీ అలా పుట్టింది. 1950లో జర్మనీలో గైనకాలజిస్టు జుడిత్ ఎస్సర్-మిట్టాగ్ గొట్టం తీసేసి వేలితో పెట్టుకునే ఓ.బి. టాంపన్‌ను రూపొందించింది. ఓ.బి. అంటే జర్మన్‌లో "ప్యాడ్ లేకుండా" అన్న మాటలకు పొట్టిపేరు.

అక్కడా ఇది నల్లేరు మీద బండి నడకలా సాగలేదు. కన్నెపొర పోతుందన్నారు, పిల్లలు చెడిపోతారన్నారు. 1945లో రాబర్ట్ డికిన్సన్ అనే డాక్టరు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో టాంపన్ల పక్షాన వ్యాసం రాయాల్సి వచ్చింది. 1980లో అసలైన దెబ్బ తగిలింది. ఎక్కువ సేపు, ఎక్కువ పీల్చే టాంపన్లు వాడినవాళ్లలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే జబ్బు బయటపడింది. ఆ ఒక్క ఏడాదే నెలసరితో ముడిపడ్డ కేసులు 800 దాటాయి, 38 మంది చనిపోయారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 'రెలై' అనే తన టాంపన్‌ను సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లోగా మార్చాలి, ఎంత పీల్చేదైతే సరిపోతుందో అంతదే వాడాలి అన్న నియమాలు ఆ చావుల నుంచి వచ్చినవి. పెట్టుకున్నప్పుడు గాని, తీసిన కొద్ది రోజుల్లో గాని ఒక్కసారిగా జ్వరం, వాంతులు, ఒళ్లంతా ఎర్రటి దద్దు కనిపిస్తే, లోపల ఉంటే తీసేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కన్నెపొర భయం మన దగ్గర ఇంకా పోలేదు. అది మూతలా ముయ్యదు, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొందరికి పుట్టుకతోనే ఉండీ లేనట్టుంటుంది. అది ఉండటం పోవడం దేనికీ రుజువు కాదు. అత్యాచార కేసుల్లో రెండు వేళ్ల పరీక్ష చేస్తే దుష్ప్రవర్తన కింద లెక్కిస్తామని 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు హెచ్చరించాల్సి వచ్చిందంటే, డాక్టర్ల చదువులోనే ఆ పొర ఎంత మందంగా పేరుకుపోయిందో అర్థమవుతుంది.

తెలుగు ఆడవాళ్ల ఒంట్లోకి వైద్యం వెళ్లని చోటు లేదు. 1960ల్లో గర్భనిరోధక లూప్ వచ్చింది, ఆ తర్వాత కాపర్-టీ. మంత్రసాని చెయ్యి, నర్సు చెయ్యి, డాక్టరు చెయ్యి లోపలికి వెళ్లాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఇవే పైరెండు. ముట్టు బాధ వదిలిపోతుందని, తెల్లబట్ట తగ్గుతుందని, ముప్పై అయిదేళ్లకే సంచి తీయించేసుకున్న కూలి ఆడవాళ్లు ఇందులో ఉన్నారు. గర్భసంచి తీసేయడానికి ఒప్పుకున్న సమాజం వేలెడు దూది లోపల పెట్టుకోవడానికి సిగ్గుపడటం కాస్త ఆలోచించాల్సిన విషయం. తేడా ఎవరి చెయ్యన్న దగ్గర ఉంది. పరాయి చెయ్యి పరవాలేదు, తన చెయ్యి కూడదు.

భాష కూడా సాయం చేయదు. ఆ చోటుకు తెలుగులో పేర్లు లేక కాదు. ఉన్నవి రెండు గదుల్లో ఉన్నాయి. ఒక గదిలో సంస్కృతం: యోని, పాఠ్యపుస్తకం, ప్రవచనం. రెండో గదిలో బూతు. మధ్యలో అమ్మ కూతురికి చెప్పుకోదగ్గ మామూలు మాట లేదు. "కింద" అంటారు, "అక్కడ" అంటారు. మూత్రం వచ్చే దారి వేరు, నెత్తురు వచ్చే దారి వేరు అని పెళ్లయిన ఆడవాళ్లలోనే తెలియనివాళ్లున్నారు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ 'ప్రసూతి–శిశుపోషణ'తో, 1990ల మొదట్లో హైదరాబాద్ స్త్రీవాద బృందాలు 'సవాలక్ష సందేహాలు'తో ఈ ఖాళీ పూడ్చే పని మొదలుపెట్టాయి. ఆ పుస్తకాలు ఎన్ని ఆశ్రమ పాఠశాలల అల్మారాల్లో ఉన్నాయన్నది వేరే లెక్క.

టాంపన్ నేర్చుకోవడం ఈ భూగోళం నేర్చుకోవడంతో మొదలవుతుంది. ముందు చేతులు కడుక్కోవాలి, గోళ్లు తీసుకోవాలి. ఒక అద్దం, తలుపు గడియ, తొందర లేని పావుగంట ఉండాలి. అన్నింటికన్నా చిన్న సైజు కొనాలి. ధార ఎక్కువగా ఉన్న రోజు, సాధారణంగా రెండో రోజు, మొదలుపెట్టాలి. పొడిగా ఉన్నప్పుడు ప్రయత్నిస్తే ఒరుసుకుని నొప్పెడుతుంది, ఆ నొప్పితోనే చాలామంది రెండోసారి ముట్టుకోరు. కరపత్రాల్లో బొమ్మలు ఒక కాలు బాత్‌టబ్ మీద పెట్టి నిలబడమంటాయి. మన దగ్గర బాత్‌టబ్ ఎక్కడిది? దాని అవసరమూ లేదు. గొంతుకూర్చోవడం ఇందుకు మంచి భంగిమ. నాట్లు వేసే, అంట్లు తోమే, ఊరి మరుగుదొడ్డికి అలవాటైన తెలుగు ఆడదానికి అది వెన్నతో పెట్టిన విద్య.

అందరూ చేసే తప్పు ఒకటే. నిలువుగా పైకి నెడతారు. దారి నిలువుగా ఉండదు, వెనక్కి, నడుము అడుగు వైపు వాలి ఉంటుంది. అటు తిప్పి నెమ్మదిగా నెడితే జారుకుంటుంది. ఊపిరి బిగపడితే కండరాలూ బిగుసుకుంటాయి, ఊపిరి వదులుతూ పెట్టాలి. సరిగ్గా కూర్చున్నాక ఉన్నట్టే తెలియదు. గుచ్చుకుంటున్నట్టుంటే ఇంకాస్త లోపలికి వెళ్లాలని అర్థం. దారం బయటే ఉంటుంది. "లోపల తప్పిపోతే?" అన్న ప్రశ్న అందరికీ వస్తుంది. తప్పిపోయేంత చోటు లేదు. ఆ దారి చివర గర్భాశయ ముఖద్వారం, దాని రంధ్రం సూది బెజ్జంలా సన్నం. మూత్రానికి వెళ్లడానికి తీయనక్కర్లేదు, ఆ దారి వేరే కాబట్టి. తీసేటప్పుడు దారం పట్టుకుని, పెట్టిన వాలులోనే లాగాలి. మొదటిసారి కుదరకపోతే కొంపేమీ మునగదు. రెండు మూడు నెలలు పడుతుంది చాలామందికి. ఎన్నిసార్లు ప్రయత్నించినా మంటగా, గోడకు తగిలినట్టుగా ఉంటే లేడీ డాక్టరుకు చూపించుకోవాలి, అది కండరాల బిగుతు వల్ల కావచ్చు.

తెలుగు అమ్మాయిలు ఈ పాఠం నేర్చుకునేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి ఈతకొలను. పోటీలకు వెళ్లే పిల్లకు నెలసరి సెలవు ఉండదు. రెండోది పరాయి దేశం. స్కాట్లాండ్‌లో 2022 ఆగస్టు 15 నుంచి ఈ వస్తువులు ఉచితంగా అందించడం చట్టబద్ధమైన బాధ్యత అయింది. యూనివర్సిటీ బాత్‌రూముల బుట్టల్లో ప్యాడ్ల పక్కనే టాంపన్లూ ఉంటాయి. గ్లాస్గోకు ఎమ్మెస్‌కు వెళ్లిన పిల్ల మొదటిసారి దాన్ని చేత్తో పట్టుకునేది ఆ బుట్ట దగ్గరే. భద్రాచలంలో నీళ్లకు కొదవ లేదు. శ్రీరామనవమికి వచ్చే ఆడవాళ్లు గోదావరిలో మునుగుతారు. తేదీ దగ్గరపడితే వాళ్లు అడిగేది టాంపన్ కాదు, ముట్టు వాయిదా వేసే నోరెథిస్టెరాన్ మాత్ర. టాంపన్ ఒంటికి వీలు కలిగిస్తుందే గాని మైలను వాయిదా వేయలేదు కదా. డాక్టరును అడగకుండా ఆ మాత్ర మింగేవాళ్లకు రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ గోదావరే వరదైనప్పుడు సంగతి వేరు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగుల తర్వాత అంత నీరు అదే. అలాంటప్పుడు పునరావాస శిబిరంలో బియ్యం, పప్పు, దుప్పట్ల జాబితా తయారవుతుంది. పొడి గుడ్డ దొరకని, మరుగుదొడ్డి ముందు వరస కట్టాల్సిన చోట ఆడవాళ్లకు ఏమివ్వాలన్న ప్రశ్న ఆ జాబితాలో చివర్న వస్తుంది. కేరళలో 2018 వరదల తర్వాత అలప్పుళ మున్సిపాలిటీ 'తింగళ్' పేరుతో 5,000 మెన్‌స్ట్రువల్ కప్పులు పంచింది. కప్పు కూడా టాంపన్ లాగా లోపల పెట్టుకునేదే, కాకపోతే కడిగి ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. 2022 జనవరిలో ఎర్నాకుళం జిల్లా కుంబళంగిని ప్యాడ్ లేని గ్రామంగా ప్రకటించారు. అక్కడ కప్పుతో పాటు ఎలా పెట్టుకోవాలో నేర్పడానికీ మనుషులను పెట్టారు.

ఎందుకు కప్పు వైపు వెళ్లారో తెలియాలంటే వాడి పారేసిన ప్యాడ్ ఎక్కడికి పోతుందో చూడాలి. పాతకాలంలో గుడ్డను పాతిపెట్టేవారు, కాల్చేవారు. పాము ఆ గుడ్డ వాసన చూస్తే పిల్లలు పుట్టరన్న భయం చాలా ఊళ్లలో ఉండేది. ఆ భయం పుణ్యమా అని గుడ్డ కాల్వలోకి పోలేదు. ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్ పాతితే కరగదు, పొయ్యిలో వేస్తే పొగ విషం. టాంపన్‌లో దూది, రేయాన్ ఎక్కువ, బరువు తక్కువ, గొట్టం ప్లాస్టిక్‌ది కాకపోతే చెత్త కొద్దిగానే. అయినా దాన్ని మరుగుదొడ్లో వేస్తే ఉబ్బి పైపు మూసేస్తుంది. కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వేయాలి.

భద్రాచలంలో ఆ చెత్తబుట్టకే పెద్ద కథ ఉంది. 2014లో మండలాలు విడిపోయినప్పుడు పట్టణానికి ఆనుకుని ఉన్న ఏటపాక, కన్నాయిగూడెం, గుండాల, పురుషోత్తపట్నం, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. పట్టణం చుట్టూ డంపింగ్ యార్డుకు చోటు మిగల్లేదు. ఊళ్లో వాడిన ప్యాడ్, బిస్కెట్ కవరు, కల్యాణం నాటి ఆకు దొన్నె అన్నీ ట్రాక్టరెక్కాక, ఎటు తిప్పాలన్నా కొన్ని వందల గజాల్లో రాష్ట్రం సరిహద్దు అడ్డం వస్తుంది. ఆ అయిదు ఊళ్లను తిరిగి ఇవ్వాలన్న విన్నపాలు ఏళ్లుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి.